చూసిందెవరని అడిగిన ఎస్తేరక్క

ఎస్తేరక్క పోయారు.

ఈ రెండు మాటలు రాయడానికి నాకు ఒక పూటంతా పట్టింది. దుఃఖం వల్ల చెయ్యి సాగకపోవడం కొంత, ఆమె నేర్పిన అలవాటు కొంత. రాబర్ట్‌సన్‌పేట బజారులో, బట్టలు కుట్టే అంగడి పైన ఉన్న చిన్న గదిలో ఆమె ఎదురుగా కూర్చుని పనిచేసిన ఇన్నేళ్ళలో, కళ్ళతో చూసిన మనిషిని పట్టుకుని అడగకుండా ఒక్క వార్తనూ మేం అచ్చుకు పంపలేదు. ఆమె మరణవార్త మాత్రం అన్ని వార్తలూ వచ్చే దారిలోనే నాకూ వచ్చింది. ఫోనులో గులాబీల నడుమ ఆమె ఫోటో, కింద భావపూర్ణ శ్రద్ధాంజలి, ఆ కింద చేతులు జోడించిన బొమ్మల బారు. క్యాసంబళ్ళిలో మా మామిడితోటకు మందు కొట్టిస్తూ దాన్ని చూశాను. చూసి నవ్వుకున్నాను.

నవ్వుకోవడానికి కారణం ఉంది. ఎస్తేరక్క అంతకు ముందొకసారి చనిపోయి ఉన్నారు.

మా "సరిచూపు" గురించి ఎరగనివారికి ఒక మాట చెప్పాలి. అది పత్రిక అంటే పెద్ద మాట. వారానికి ఒక్క కాగితం. ఒక పక్క తెలుగు, రెండో పక్క కన్నడం. కోలారు బంగారు గనుల ఊళ్ళోనూ చుట్టుపక్కల పల్లెల్లోనూ ఫోన్ల మీద, టీ అంగళ్ళలో తిరిగే వార్తల్ని విచారించి, ఏది నిజం, ఏది కాదు, ఏది తేలలేదు అని చెప్పడం దాని పని. ఎస్తేరక్క సంపాదకురాలు. ఒక దినపత్రికకు చాలాకాలం విలేకరిగా పనిచేసి, విశ్రాంతి తీసుకోవలసిన వయసులో ఈ పని తలకెత్తుకున్నారు. నేను రెడ్డెప్పను. రాగీ మామిడీ పండించే ఇంట్లో పుట్టి, ఆ బజారులోనే టైపింగు, జిరాక్సు అంగడి పెట్టుకున్నవాణ్ణి. ఒకనాడు ఆమె కాగితం టైపు చేయించుకోవడానికి వచ్చి, నా చేత మూడుసార్లు దిద్దించి, చివరికి నన్నే దిద్దుకున్నారు.

అప్పట్లో మా తీర్పు గిట్టని ఎవరో ఇవే గులాబీలతో ఆమెను చంపి ఊరంతా పంచారు. నేను కోపంతో ఊగిపోతుంటే ఆమె తాపీగా చెప్పి రాయించారు. "ప్రచారంలో ఉన్న మాట: ఎస్తేరు మరణించింది. తీర్పు: నిజం కాదు. ఆధారం: ఎస్తేరు." పక్కన ఫోటో వేద్దామన్నాను. ఫోటో ఏనాటిదో చూసేవాడికి ఎట్లా తెలుస్తుందని అడిగి, కిందికి దిగి ఆనాటి దినపత్రిక కొనుక్కొచ్చి, తారీఖు కనబడేలా గుండెలకు ఆనించి పట్టుకుని కూర్చున్నారు. "ఇంగ తియ్యప్పా" అన్నారు. ఆ ఫోటో ఇప్పటికీ మా గది గోడ మీద ఉంది.

అందుకే నవ్వుకుంటూ ఆమెకు ఫోను చేశాను. ఈసారి ఏం రాయిస్తారో విందామని. ఫోను ఎత్తింది ఆమె కాదు, పక్కింటి కన్నియమ్మ. తమిళం కలిసిన తెలుగులో, ఏడవకుండా, ఎస్తేరక్క నేర్పిన పద్ధతిలోనే చెప్పింది. "నేనే చూసినాను రెడ్డెప్పా. పొద్దున ఆరాధనకు గుడికి పోదామని పిలిచినా పలకలేదు. నేనే లేపినాను. లేవలేదు." చూసిన మనిషి దొరికింది. మా నియమం ప్రకారం ఇద్దరు కావాలి. బండి తీసుకుని పోయాను. ఆ రెండో మనిషిని నేనే అయ్యాను.

సంస్మరణ వ్యాసాల్లో విశేషణాలు కుమ్మరించడం ఆనవాయితీ. సత్యసంధురాలు, నిష్పక్షపాతి, నిరాడంబర జీవి అని నేనూ రాయగలను. అవన్నీ ఆమెకు తగినవే. కాని ప్రతి విశేషణం కింద పెన్సిలుతో గీత గీసి, "ఇది చూసిందెవరు?" అని అంచున రాయడం ఆమె పద్ధతి. కనుక నేను చూసినవీ, ఆమె నోట విన్నవీ మాత్రమే చెబుతాను.

ఆ ప్రశ్న ఆమెకు ఎక్కడ పుట్టిందో ఒకే ఒక్కసారి చెప్పారు. ఆమె తండ్రి దేవదానం గనిలో దిగే కార్మికుడు. లైన్లలో, అంటే గని కార్మికులకు కట్టించిన ఇళ్ళ వరుసల్లో, పక్కింటి మునెయ్యా ఆయనా ప్రాణమిత్రులు. ఆ రోజుల్లో ప్రతి కార్మికుడికీ అంకె చెక్కిన ఇత్తడి బిళ్ళ ఒకటుండేది. గనిలోకి దిగేటప్పుడు పలక మీది కొక్కేనికి ఉన్న తన బిళ్ళను తీసుకుని దిగాలి, పైకి రాగానే మళ్ళీ తగిలించాలి. ఏ కొక్కెం ఖాళీగా ఉంటే ఆ మనిషి ఇంకా భూమి కిందే ఉన్నట్టు. మిత్రులిద్దరిలో ముందు చేరినవాడు రెండు బిళ్ళలూ తీసి రెండోవాడికి ఒకటి అందించడం అలవాటు. ఒకనాడు ఆ తొందరలో ఒకరి బిళ్ళ ఇంకొకరి జేబులో పడింది.

ఆనాడు దేవదానానికి కడుపునొప్పి వచ్చి మధ్యలోనే పైకొచ్చాడు. జేబులోని బిళ్ళ మీది అంకెయినా చూడకుండా గుమాస్తాకిచ్చి, మందు కోసం ఆస్పత్రికి పోయి, మందు తాగి వసారాలో నిద్రపోయాడు. గుమాస్తా మనిషి ముఖం చూడకుండా అంకె మాత్రం చూసి దాన్ని మునెయ్య కొక్కేనికి తగిలించాడు. ఆ తర్వాత లోతున బండ పగిలింది. పైన లైన్ల ఇళ్ళలో గిన్నెలు కింద పడ్డాయి. దాన్ని అక్కడివాళ్ళు ఎయిర్‌బ్లాస్టు అంటారు. ఆడవాళ్ళందరూ గని దగ్గరికి పరుగెత్తారు. గుమాస్తా పలక చూసి చెప్పాడు. మునెయ్య పైకొచ్చేశాడు, దేవదానం కిందే ఉండిపోయాడు.

మునెయ్య భార్య చెంగమ్మ దేవుడికి దండం పెట్టుకుని, ఎస్తేరక్క తల్లిని పట్టుకుని ఇంటికి తీసుకొచ్చింది. సాయంత్రం దాకా ఆమెను ఒళ్ళో పడుకోబెట్టుకుని ఓదార్చింది. పిల్లలకు తన ఇంటినుంచి సంగటి తెచ్చి తినిపించింది. ఎస్తేరక్కకు అప్పుడు బడికి పోయే వయసు. చెంగమ్మ పెట్టిన ముద్ద నోట్లో ఉండగానే తండ్రి గుమ్మంలో నిలబడ్డాడట. ఇల్లంతా ఒక్కసారి కేక వేసింది. ఆ సంతోషంలో చెంగమ్మ కూడా నవ్విందట. నవ్వి, ఆ నవ్వు ముఖం మీద ఉండగానే అడిగిందట, "అయితే మావోడు యాడ?" అని.

ఇంతవరకు చెప్పి ఎస్తేరక్క కళ్ళద్దాలు తుడుచుకున్నారు. "గుమాస్తా అబద్ధం చెప్పలేదప్పా. పలక చూసే చెప్పినాడు. పలకా అబద్ధం చెప్పలేదు. పైకొచ్చిన మనిషిని ఎవురన్నా చూసినారా అని ఒక్కరూ అడగలేదు, అంతే" అన్నారు. ఆనాటినుంచి తన తండ్రి చెంగమ్మ ముఖంలోకి చూసి మాట్లాడలేకపోయాడని కూడా చెప్పారు. కాగితం ఉంటే మనిషిని అడగడం, మనిషి చెబితే కాగితం చూడడం, రెండూ ఉంటే ఇంకో మనిషిని వెతకడం అనే మా పనికి మూలం ఆ ఇత్తడి బిళ్ళే.

"అబద్ధం" అన్న మాటను "సరిచూపు"లో ఎన్నడూ వాడనివ్వలేదు. మొదట్లో నేను ఉత్సాహం కొద్దీ ఎర్ర అక్షరాలతో "పచ్చి అబద్ధం" అని టైపు చేసి తీసుకెళ్ళాను. కొట్టేశారు. "అబద్ధమనాలంటే వాడికి నిజం తెలుసునని నాకు తెలియల్ల. వాడి మనసులోకి దూరి చూసి వచ్చినావా నువ్వు? నిజం కాదు అని రాయి, చాలు" అన్నారు. ఎరుపూ తీసేయించారు. తీర్పులు మూడే. నిజం, నిజం కాదు, తెలియలేదు. ఆ మూడోదాన్ని రాసేటప్పుడు ఆమెకు సిగ్గనిపించేది కాదు, నాకే ప్రాణం పోయేది. వారమంతా తిరిగి తిరిగి చివరికి తెలియలేదని రాస్తే జనం నవ్వరా అని గొణిగేవాణ్ణి. నవ్వేవాళ్ళు కూడా.

బైరకూరు వైపు ఒక పల్లెలో పాల సంగతి చెబుతాను. పాల క్యాన్లలో ఏదో తెల్లపొడి కలుపుతున్న వీడియో ఒకటి, ఆ పల్లె పాల డెయిరీలోనే ఇది జరుగుతోందన్న మాటతో తిరిగింది. కొనేవాళ్ళు ఆగిపోయారు. రైతులు పాలు దూడలకు వదిలేశారు. మేమిద్దరం బస్సెక్కి పోయాం. వీడియోలో వెనక కనిపించే అంగడి బోర్డు మన లిపి కాదని నేను బస్సులోనే కనిపెట్టి, పని అయిపోయిందని సంబరపడ్డాను. ఆమెకు కాలేదు. వీడియో ఈ ఊరిది కాదంటే ఈ ఊరి పాలు మంచివని అర్థమా అని అడిగారు. తెల్లారి పాలు పోసే వేళకు అక్కడ నిలబడ్డారు. నిందపడిన డెయిరీ కార్యదర్శిని అడిగారు, అతనంటే గిట్టనివాళ్ళను అడిగారు, పాలు పోసే ఆడవాళ్ళను అడిగారు. పొడి కలిపినట్టు ఎక్కడా ఆధారం దొరకలేదు. కాని పాలను పరీక్షించే యంత్రం కొన్నాళ్ళుగా చెడిపోయి ఉందని తేలింది. కార్యదర్శి ఆ ఒక్కటీ రాయవద్దని చేతులు పట్టుకున్నాడు. రెండూ రాశారు.

కార్యదర్శి వర్గమూ తిట్టింది, ఎదుటి వర్గమూ తిట్టింది. ఇద్దరూ తిట్టారంటే మనం సరిగ్గా రాసినట్టే కదా అని నేను గొప్పగా అన్నాను. వేరుశనక్కాయలు ఒలుచుకుంటూ ఆమె నావైపు జాలిగా చూశారు. "ఇద్దరూ తిట్టినారంటే రెండు తప్పులు చేసింటామేమో. ఇంకోసారి చదువు" అన్నారు. చదివాను. తప్పు దొరకలేదు. అయినా ఆమె ఆ పల్లెకు మళ్ళీ ఫోను చేసి కనుక్కున్నారు.

తప్పు దొరికిన సందర్భాలూ ఉన్నాయి. ఒక బడికి సెలవన్న వార్త నిజం కాదని రాశాం. అది నిజమైంది. పిల్లలు వానలో తడుస్తూ బడికి పోయి మూసిన తలుపు చూసి తిరిగొచ్చారు. దిద్దుబాటును చివర్లో చిన్న అక్షరాలతో సర్దబోయాను. "నడివీధిలో తిట్టి, పెరట్లోకి పిలిచి మన్నించమంటే ఎట్లప్పా? తప్పు యాడ రాసినామో ఆడనే, అంతే పెద్ద అక్షరాలతో రాయల్ల" అని, మొదటి పేజీ పైనే, పెద్దమాస్టరు ఒక్కరినే అడిగి ఊరుకున్నామని, అది మా లోపమని రాయించారు.

మమ్మల్ని పోషించేదెవరో కూడా ప్రతి కాగితం అడుగున ఉండాలన్నది ఇంకో నియమం. చందా ఇచ్చినవాళ్ళ పేర్లుండేవి. అంతవరకు బాగానే ఉంది. ఒకసారి కింది అంగడి దర్జీ అభిమానంతో కాఫీపొడి తెచ్చిస్తే అదీ వేయించారు. దర్జీకి ఎంత నామోషీ అయిందంటే మళ్ళీ పండక్కి కూడా ఏమీ ఇవ్వలేదు. నేను కాఫీకి మొహంవాచి ఆమెను నిందించాను. రేపు ఆ దర్జీ మీద ఏదైనా వార్త వస్తే మనం అతని కాఫీ తాగామని చదివేవాళ్ళకు తెలియాలి కదా అన్నారు.

ఇట్లాంటి మనిషికి స్నేహితులు మిగలరు. ఈ మాట ఆమె ఉండగా నేనెప్పుడూ అనలేదు, కాని రోజూ చూశాను. ఎప్పుడో మూతపడిన గనులు మళ్ళీ తెరుస్తారన్న వార్త ఏడాదికోసారైనా ఫోన్లలో వస్తుంది. అదొచ్చిన వారమల్లా ముసలి కార్మికులు మా మెట్లెక్కి వచ్చేవారు. ఆమె ఆఫీసులన్నిటికీ తిరిగి, చెప్పవలసినవాళ్ళు ఏదీ చెప్పకపోతే "తెలియలేదు" అని రాసేవారు. అవునని రాస్తే ఆశ, కాదని రాస్తే కోపం ఉండేవి. ఏమీ తేల్చకపోయేసరికి వాళ్ళకు అది చావులాగే కనిపించింది. ఒక్కొక్కరే రావడం మానేశారు. ఆమె తండ్రితో కలిసి గనిలో దిగినవాళ్ళు, ఆమెను ఎత్తుకు తిరిగినవాళ్ళు, బజారులో ఎదురుపడితే అవతలి పక్కకు దాటిపోయేవారు. పొద్దున్నే సగం ఊరు బెంగుళూరు రైలెక్కి కూలికి పోతుంది. మిగిలిన సగంలో ఆమెను పలకరించేవాళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టేంత మందే మిగిలారు.

అన్నిటికంటే పెద్ద దెబ్బ సమాధుల తోట విషయంలో తగిలింది. ఆమె తమ్ముడు డేనియలన్న వాళ్ళ చర్చి సంఘానికి కార్యదర్శి. తల్లి పోయాక ఎస్తేరక్కే ఆయన్ని పెంచారు. పెళ్ళి చేశారు. తాను చేసుకోలేదు. ఒకనాడు డేనియలన్న ఫోను నుంచి సంఘంలో అందరికీ ఒక కబురు పోయింది. మన సమాధుల తోటను అమ్మేశారు, కొన్నది బజారులోని ఫలానా ఇనుప సామాన్ల వ్యాపారి అని. సర్వే నంబరున్న ఒక పత్రం ఫోటో కూడా ఉంది. ఆదివారం ఆరాధన అయ్యాక జనం నేరుగా ఆ వ్యాపారి అంగడి మీదికి పోయారు. అద్దాలు పగిలాయి. ఆయనా భార్యా లోపల తలుపు బిగించుకుని సాయంత్రం దాకా కూర్చున్నారు.

ఎస్తేరక్క విచారించారు. పత్రం నిజమైనదే. నంబరు మాత్రం తోటది కాదు, దానికి ఎదురుగా రోడ్డవతల ఉన్న బండనేలది. వ్యాపారి దాన్ని ఎప్పుడో కొన్నాడు. తోట జోలికి ఎవరూ పోలేదు. ఇదంతా తేలాక ఆమె చివరగా తమ్ముడి దగ్గరికి పోయి, పంపేముందు ఎవరినైనా అడిగావా అని అడిగారు. ఆయన అడగలేదని ఒప్పుకున్నాడు. తన పేరు మాత్రం వేయవద్దని బతిమాలాడు. ఆ సాయంత్రం నేనూ బతిమాలాను. సంఘం పెద్దలొకరు అని రాస్తే చాలదా, రక్తసంబంధం కదా అన్నాను.

"పదవిలో ఉన్నోడు పంపినాడు కాబట్టే జనం నమ్మినారు. ఇంకెవురి తమ్ముడో అయింటే పేరు రాసుందుము కదప్పా?" అన్నారు. నా చేతనే టైపు చేయించారు. "ఈ కబురును పంపినవారు సంఘ కార్యదర్శి డేనియలు. ఈయన ఈ వ్యాసం రాసిన ఎస్తేరుకు స్వయానా తమ్ముడు." రెండో వాక్యాన్ని నా చేత మళ్ళీ చదివించుకుని విన్నారు. అయినా తీసేయమనలేదు.

డేనియలన్న పదవి పోయింది. అక్కా తమ్ముళ్ళ మధ్య మాటలు పోయాయి. చర్చిలో ఆమె కూర్చునే బల్ల మీద ఆమె పక్కన ఎవరూ కూర్చోవడం మానేశారు. ఆమె ఆ బల్ల మార్చలేదు, ఆదివారం తప్పలేదు. క్రిస్మసుకు గులాబీపువ్వు అచ్చుతో తీపి పిండివంట చేసి, డబ్బాలో పెట్టి, నా చేత తమ్ముడి ఇంటికి పంపేవారు. నాలుగు రోజులకు డబ్బా తిరిగొచ్చేది, కడిగి, ఖాళీగా. తిన్నారా అని ఆమె అడిగేవారు. డబ్బా ఖాళీగా వచ్చింది కదక్కా అనేవాణ్ణి. "అది తిన్నట్టు కాదప్పా" అని, డబ్బా మూత తీసి ఒకసారి లోపలికి చూసి, పైన పెట్టేసేవారు. ఆమె ఒంటరితనం గురించి నాకు తెలిసినదంతా ఆ చూపులోనే ఉంది. మీరు ఒంటరైపోయారక్కా అని అప్పుడే ఎందుకు అనలేకపోయానో, ఆ డబ్బాను చూస్తే ఇప్పుడు ఏడుపొస్తుంది.

ఒక శనివారం రాత్రి నిద్రలోనే గుండె ఆగిందని డాక్టరు చెప్పాడు. ఆదివారం పొద్దున కన్నియమ్మ చూసింది. ఆ సమాధుల తోటలోనే, తల్లిదండ్రుల పక్కన ఆమెను పెట్టారు. అన్నేళ్ళూ పక్కన కూర్చోనివాళ్ళంతా వచ్చారు. ఇనుప సామాన్ల వ్యాపారి దూరంగా గేటు దగ్గర కాసేపు నిలబడి వెళ్ళిపోయాడు. డేనియలన్న మట్టి వేసేటప్పుడు ఎవరి వైపూ చూడలేదు.

ఆ మట్టి ఆరకముందే ఒక మాట పుట్టింది. శనివారం సాయంత్రం డేనియలన్న అక్క ఇంటికి వచ్చాడట. అక్క చెయ్యి పట్టుకుని ఏడ్చాడట. ఆమె మన్నించిందట. ఇద్దరూ కలిసి కీర్తన పాడారట. ఆ తృప్తితోనే కన్నుమూసిందట. ఆమె కోసం పెట్టిన ప్రార్థనకూటం నాటికి ఇది ఊరంతా పాకింది. సంఘం పెద్ద ఒకాయన మా గదికి వచ్చి, "సరిచూపు" సంస్మరణ సంచికలో ఈ ముక్క తప్పకుండా రావాలన్నాడు. మంచి మాటే కదా, ఎవరికి నష్టం అన్నాడు. నిజం చెబుతున్నాను, ఆ మాట నిజం కావాలని ఆయన కంటే నేనెక్కువ కోరుకున్నాను. ఆ ఖాళీ డబ్బా నేను మోసినవాణ్ణి.

ముందు కన్నియమ్మను అడిగాను. శనివారం పొద్దుగూకే వేళ వీధి కొళాయి దగ్గర డేనియలన్న నిలబడి ఉండగా చూసింది. తర్వాత అతను ఎస్తేరక్క గుమ్మం వైపు నడిచాడు. ఇంతలో తన బిందె నిండితే లోపలికి పోయింది. అంతకు మించి చూడలేదు. చూడనిది చెప్పనంది. ఇంక అడగవలసిన మనిషి ఒక్కడే. మాట ఎవరి మీద ఉందో వాళ్ళను అడగకుండా అచ్చువేయకూడదు కదా.

డేనియలన్న ఇంటి వసారాలో ఒక్కడే కూర్చుని ఉన్నాడు. ఎదురుగా, బంగారం తీయగా మిగిలిన గని మట్టి పోసిన సైనైడు గుట్ట మీద ఎండ పడుతోంది. నేను వచ్చిన పని చెప్పాను. అక్క మన్నించిందన్న మాట నిజమేనా, అక్కడ చూసినవాళ్ళెవరైనా ఉన్నారా అని, ఆమె అడిగినట్టే అడగడానికి ప్రయత్నించాను.

"గడప కాడికి వచ్చినాను రెడ్డెప్పా. లోపల అక్క దగ్గు వినబడె. కుక్కరు కూస్తా ఉండె. తలుపు తట్టలేదు. రేపు ఆదివారమే కదా, గుడిలో పోయి పక్కన కూర్చుందాములే అనుకుంటి. తిరిగి వచ్చేస్తి."

మరి చెయ్యి పట్టుకున్న మాట ఎక్కడినుంచి వచ్చిందని అడిగాను. ఆ సాయంత్రం ఆ వైపు పోయొచ్చానని ఇంట్లో చెప్పాడట. పోయాడంటే మాట్లాడే ఉంటాడని వాళ్ళనుకున్నారు. ఓదార్చడానికి వచ్చినవాళ్ళతో అన్నారు. వచ్చినవాళ్ళు కీర్తన కలిపారు. ఆయన కాదనలేదు. "విని విని నాకే అది జరిగినట్టు ఉండాది" అన్నాడు. నేను లేచాను. ఇది రాయకుండా ఉండడానికి నాకు అభ్యంతరం లేదని, ఆ ముక్కే లేకుండా సంచిక తెస్తానని చెప్పాను. ఆయన తల అడ్డంగా ఊపాడు.

"రాయి. నా పేరు పెట్టే రాయి. ఎవురి తమ్ముణ్ణో అది కూడా రాయి."

అందుకని రాస్తున్నాను. ప్రచారంలో ఉన్న మాట: చివరి సాయంత్రం ఎస్తేరు, ఆమె తమ్ముడు డేనియలు కలిసి మాట్లాడుకున్నారు. తీర్పు: నిజం కాదు. ఆయన ఆమె గడప దాకా వచ్చి తిరిగిపోయారు. ఆధారం: డేనియలు, గుమ్మం వైపు నడవడం వరకు కన్నియమ్మ. ఆయన వచ్చినట్టు లోపలున్న ఆమెకు తెలిసిందా? తెలియలేదు. ఇది రాసిన రెడ్డెప్ప ఆమె దగ్గర పని నేర్చుకున్నవాడు, ఆమెను తల్లిలా ప్రేమించినవాడు. చదివేవారు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

ఇన్నేళ్ళలో నేను రాసిన ప్రతి కాగితం ఆమె పెన్సిలు కింది నుంచి పోయింది. ఇదొక్కటే పోలేదు. ఎదురు కుర్చీ ఖాళీగా ఉంది. ఏ వాక్యం కింద గీత పడేదో, ఏ అంచున ఆమె ప్రశ్న వచ్చేదో నాకు తెలియదు. ఆ కుర్చీలో కూర్చోగలిగినవాళ్ళు ఈ బజారులో ఎవరూ నాకు కనిపించడం లేదు. కన్నీటి నమస్కారం పెట్టి ఊరుకోవడం తప్ప నేనేం చేయగలను?

దీనిలో తప్పుంటే చూసినవాళ్ళు వచ్చి చెప్పండి. ఇక్కడే, ఇంతే పెద్ద అక్షరాలతో దిద్దుతాను. నేను రాసిన ఈ మాటల్లో ఒక్కటి మాత్రం తప్పని ఎవరైనా మెట్లెక్కి వచ్చి చెబుతారేమోనని, వినబడిన ప్రతి అడుగుకూ తలెత్తి చూస్తూనే ఉన్నాను. అది ఈ వ్యాసంలో మొదటి వాక్యం.